గదిలో ఉన్నవారు

కాగితం ఇంకా ఉప్పు సీసా కిందే ఉంది.

మొన్న సాయంత్రం పెట్టిన చోటే. అప్పటినుంచి నాలుగు పూటలు గడిచాయి. నాలుగుసార్లూ అత్తగారు బల్ల తుడుస్తూ సీసానీ కాగితాన్నీ కలిపి ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ ఉన్నచోటే ఉంచారు. అందులో ఏం రాసి ఉందో ఆవిడకి అక్కర్లేదు. కోడలి సంతకం పడాల్సిన గీత ఖాళీగా ఉందన్నది మాత్రం కళ్ళజోడు లేకుండానే కనిపిస్తోంది.

మధ్యాహ్నం పన్నెండయింది. ఇల్లంతా చీకటి. రాత్రంతా నక్షత్రాలు చూస్తూ దూరదర్శిని దగ్గర మేలుకుని తెల్లారాక వచ్చి పడుకునే మనిషి ఉన్న ఇల్లు. కిటికీలకి దళసరి పరదాలు. పరదా అంచున నిలువుగా ఒక తెల్లటి గీత. పన్నెండేళ్ళ కాపురంలో కోడలికి పగలంటే ఆ గీతే.

పడకగది తలుపు తెరుచుకుంది. భర్త గడపలో నిలబడ్డాడు. అది నిద్ర లేచిన ముఖం కాదు, నిద్రపట్టని ముఖం.

"పెట్టావా?"

"లేదు."

"రేపు పొద్దున పదింటికి ప్రకటన. డైరెక్టరు గారు, పత్రికలవాళ్ళు, అంతా వస్తున్నారు. పరికరం సరిగ్గా ఉందని పరికరం మనిషి సంతకం పెట్టకపోతే నేనక్కడ ఏం చూపించను? నా ముఖమా?"

"నీ ముఖానికేం, బాగానే ఉంది," అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "కడుక్కుంటే ఇంకాస్త బాగుంటుంది. ముందు ఆ పని చూడు."

మామూలు రోజుల్లో ఈ మాటకి ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

మొన్న ఆమె అన్నది ఒక్క మాటే. "ఆ చుక్క ఆకాశంలోంచి కాదేమో. నా సున్నాలోంచి వచ్చిందేమో." అంతే. అప్పటినుంచి ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"రెండు రోజులుగా చూస్తున్నా," అంటూ అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మూగనోము పట్టినట్టున్నారు ఇద్దరూ. ఏమిటా చుక్క, ఏమిటా సున్నా? నాకు తలకెక్కేలా ఎవరో ఒకరు చెప్పండి. చెప్పకపోతే ఈ కాగితం పొయ్యిలో పెడతాను, ఇద్దరి పీడా వదిలిపోతుంది."

భర్త గోడవైపు చూశాడు. చెప్పాల్సింది ఆమే.

"మీ అబ్బాయి ఒక నక్షత్రం పక్కన గ్రహాన్ని పట్టుకున్నారు కదత్తయ్యా. ఆ నక్షత్రం వెలుగులో లక్షో వంతు ఉంటుంది దాని వెలుగు. గాలి లోంచి వచ్చేసరికి వెలుగు ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలవడం నా పరికరం పని. కొలిచి చెబితే, ఎదురుగా ఉన్న మెత్తటి అద్దం సరిగ్గా అంతే వంగి ముడత తీసేస్తుంది. సెకనుకి వెయ్యిసార్లు."

"అది ఇంతకుముందు చెప్పావు. ఇస్త్రీ పెట్టె అన్నాను గుర్తుందా?"

"ఆ, ఇస్త్రీయే. అయితే ముడత అసలు లేనప్పుడు ఎలా ఉంటుందో పరికరానికి ముందే చూపించి పెట్టాలి. అదే సున్నా. త్రాసు ముల్లు లాంటిదనుకోండి. పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సరిచేస్తారు కదా? సరిచేసిన రోజున ఎవరో పళ్ళెం అంచున వేలు ఆనించి ఉన్నారనుకోండి. మనం చూసుకోలేదు. అప్పటినుంచి తూచిన ప్రతి తూకంలోనూ ఆ వేలు ఉంటుంది."

అత్తగారు ఉప్పు సీసాని చూశారు, కోడల్ని చూశారు.

"ఎవరి వేలు?"

వంటింట్లో కుళాయి చుక్క పడింది. ఇంకోటి పడింది.

"వేలు కాదత్తయ్యా, వేడి. పక్కన మనిషి కూర్చుంటే ఒంటి వేడికి గాలి పైకి లేస్తుంది. అది చాలు. ఈ ఏడాది ముడతలు చూడ్డానికి నేను తయారుచేసిన కొత్త కన్ను ఉంది చూశారూ, దాని సున్నా వేరే ఊళ్ళో తీశాం. అది చూస్తే చుక్క కనబడటం లేదు. పాత కన్ను చూస్తే ఉంది. రెండింటికీ తేడా వెంట్రుక మందంలో ఇరవై వేలో వంతు. ఆ తేడాని బొమ్మ గీస్తే ఒక పక్కనుంచి పైకి తేలుతున్న గాలిలా వచ్చింది. మూడేళ్ళ కిందట సున్నా తీసిన రోజు ఆ గదిలో ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరు!" భర్త గొంతు పెరిగింది. "పుస్తకంలో రాసి ఉంది. గదిలో ఉన్నవారు: ఎవరూ లేరు. వాడే రాశాడు. వాడి సంతకం ఉంది."

వాడు అన్న మాట నోట్లోంచి వచ్చేశాక అతనే ఉలిక్కిపడ్డాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట అంతమంది మధ్య ఎవరూ అనలేదు. అంతమంది అంటే ముగ్గురే. నాలుగోవాడు లేకపోవడం వల్లే ముగ్గురు.

అత్తగారు తన అరచేతులు చూసుకున్నారు.

"ఆ రోజేనా," అన్నారు, "చిన్నోడు వణుక్కుంటూ ఇంటికొచ్చింది?"

"ఏ రోజమ్మా?"

"సాయంత్రమైనా ఉక్క చంపేస్తోంది, వాడేమో వణుకుతున్నాడు. రెండు దుప్పట్లు కప్పాను. ఎక్కడ పడి ఉన్నావురా అంటే, ఎవరూ రాని చోటు దొరికిందమ్మా, అన్నాడు. ఆరు గంటలు కూర్చున్నాట్ట చీకట్లో. ఎవరూ ఏమీ అడగలేదట. ఎంత హాయిగా ఉందో అన్నాడు. వాడు హాయి అన్న మాట అని ఎన్నాళ్ళయిందో, నాకు సంతోషం వేసింది. పిచ్చిదాన్ని." ఆవిడ ఆగారు. "సరిగ్గా పదకొండో రోజున చెప్పకుండా వెళ్ళిపోయాడు."

"వాడు వంద చోట్ల కూర్చునేవాడు," అన్నాడు భర్త.

"నేను కాదన్నానా?" అత్తగారు కోడలివైపు వంగారు. గొంతు తగ్గించి, రహస్యం అడుగుతున్నట్టు అడిగారు. "అయితే అమ్మాయ్, ఆ చుక్క... మన చిన్నోడా?"

మొన్నటినుంచి ఆమె లెక్కల్లో పెట్టి, గీతల్లో పెట్టి, అంకెల కింద దాచిపెట్టిన మాట అదే. ఆవిడ దాన్ని ఒక్క ఊపుతో బల్ల మీద పెట్టేశారు.

"అలా అనకూడదత్తయ్యా. వేడి, అంతే."

"సున్నా సరిచేస్తే ఆ చుక్క పోతుందా?"

"పోవచ్చు."

"అయితే సంతకం పెట్టెయ్. వాడినేం కదిలించకు."

భర్త తల్లిని చూసిన చూపు ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. మొన్నటినుంచి అతను కోరుతున్నది అదే, ఆ సంతకమే. కానీ ఈ కారణానికి కాదు. తన గ్రహం గ్రహం కావాలి. తమ్ముడు కాకూడదు.

"నేనిప్పుడు వెళ్తున్నాను," అని ఆమె లేచింది. "ఖాళీ గదిలో పాత కన్నుకి మళ్ళీ సున్నా తీస్తాను. సాయంత్రానికి తేలిపోతుంది. పాతదీ కొత్తదీ ఒకటే అయితే ఆ రోజు గది ఖాళీ అన్నట్టే. సంతకం పెట్టేస్తాను. వేరుగా వస్తే, రేపు ప్రకటన లేదు."

"మూడేళ్ళ పని," అన్నాడు భర్త. అరవలేదు. అరిస్తే బాగుండేది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బల్ల మీద ఉప్పు సీసా ఒంటరిగా మిగిలింది.

* * *

"ఏమ్మా సున్నా! పగటిపూట ప్రత్యక్షమయ్యారు. గబ్బిలాలకి ఇవాళ సెలవా?"

వేధశాల కిటికీ దగ్గర తాళాలాయన ఎప్పుడూ అంతే. దూరదర్శిని కట్టడానికి రాయి వేసిన రోజునుంచి ఆ కిటికీ వెనకే ఉన్నానని చెప్పుకుంటాడు. ఆమెకి ఆ పేరు పెట్టింది కూడా అతనే. 'సున్నా తీసే అమ్మ' అని మొదలుపెట్టి, పలకడానికి బద్ధకించి, సున్నా దగ్గర ఆగిపోయాడు.

"కింద గది తాళం ఇవ్వండి. ఎవరైనా వెళ్ళారా అందులోకి?"

"ఎవరెళ్తారమ్మా? వెలుతురు లేదు, ఫ్యాను లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు. దొంగ కూడా మొహం చాటేస్తాడు." రిజిస్టరు ఆమెవైపు తిప్పాడు. "ముందు తలుపుది ఇదిగో. వెనక సొరంగం తలుపుది మాత్రం అడక్కండి. అది చిన్నసారు జేబులోనే వెళ్ళిపోయింది. తాళం మార్పించండి మహాప్రభో అని మూడేళ్ళుగా రాస్తున్నా. నా రాత చదివేవాళ్ళు కూడా ఆ గదిలోనే ఉన్నారేమో."

ఆమె నవ్వాననుకుంది. అద్దంలో చూసుకుంటే తెలిసేది.

దూరదర్శినికి సరిగ్గా కింద, రెండు అంతస్తుల లోతున, చలిపెట్టెలా ఉంటుంది ఆ గది. పైన పట్టిన నక్షత్రం వెలుగు అద్దాల మీదుగా ఒక గొట్టంలో దిగి, గదికి నడుమ ఉన్న ఉక్కు బల్ల మీద వాలుతుంది. పగలు నక్షత్రం ఉండదు కాబట్టి దొంగ నక్షత్రం ఒకటి పెట్టారు. వెంట్రుక లాంటి గాజు తీగ కొసన, సూదిమొనంత వెలుగు. దాని వెలుగు వెయ్యి చిట్టి కటకాల లోంచి వెళ్ళి వెయ్యి చుక్కలుగా పడుతుంది. ముడత ఉన్నచోట చుక్క పక్కకి జరుగుతుంది. ఆ చుక్కలన్నీ బయటగదిలో తెర మీద కనిపిస్తాయి.

చుక్కలు ఎంత సున్నితమంటే బల్ల దగ్గర మనిషి ఊపిరి వదిలితే చాలు, గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతాయి. ఆమె దగ్గర పనిచేసే రోజుల్లో, చూడ్డానికి ఎవరైనా వస్తే చిన్నోడు దాంతోనే ఆట పట్టించేవాడు. తను లోపల బల్ల మీదికి వంగి, వెలుగు దారిలోకి ఒక మాట అనేవాడు. బయట తెర ముందున్నవాళ్ళు అదేం మాటో చెప్పాలి. ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. ఆమె మాత్రం ఒక్క మాట పట్టేసేది. ముందు చిన్నగా ఒక ఊపు, ఆ వెంటనే సాగదీసిన పెద్ద ఊపు. అది 'వదినా'.

దీపం వేసి గదంతా చూసింది. నాలుగు మూలలు. బల్ల కింద. బల్లకి అవతల పైనుంచి నేలదాకా వేలాడే నల్ల పరదా. పరదా తొలగించి చూసింది. వెనక సొరంగంలోకి వెళ్ళే ఇనుప తలుపు. గొట్టం తుడవడానికి ఎప్పుడైనా తెరిచేది. నెట్టింది. కదల్లేదు. తాళం అవతలివైపు.

పరదా ముందు ఒక ఇనుప స్టూలు.

అది ఎప్పుడూ అక్కడే ఉండేది. ఎవరు పెట్టారని ఆమె ఎన్నడూ అడగలేదు. ఇవాళ దాని మీద అరచెయ్యి ఆనించింది. చురుక్కుమనేంత చల్లగా ఉంది.

అక్కడినుంచి బల్ల అంచు చూస్తే సరిగ్గా జానెడు దూరం. స్టూలు మీద కూర్చున్న మనిషి ఎడమ భుజం ఎక్కడికొస్తుందో మనసులో గీసుకుంది. తేడా బొమ్మలో వేడి మొదలైంది అక్కడే.

దీపం ఆర్పింది. బయటికొచ్చి తలుపు వేసి, గడియ పెట్టి, గడియారం చూసుకుంది. ఒంటిగంటా పది. గాలి కుదుటపడటానికి రెండు గంటలు. ఆ తర్వాత గంటసేపు కొలిచి సగటు తియ్యాలి.

* * *

రెండున్నరకి భర్త వచ్చాడు. చేతిలో గుడ్డసంచి.

"అమ్మ పంపింది."

సంచిలోంచి డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

ఇద్దరూ మూడో డబ్బాని చూశారు.

"అలవాటులే," అన్నాడు.

"మూడేళ్ళు లేని అలవాటు ఇవాళ ఎందుకొచ్చింది?"

"నన్నడుగుతావేం? మీ ఇద్దరూ కలిసేగా ఇందాక వాణ్ణి లేపి కూర్చోబెట్టారు."

తిన్నారు. తింటున్నంతసేపూ తెర వైపే చూశారు. వెయ్యి చుక్కలు కొద్దికొద్దిగా శాంతిస్తున్నాయి. ఆమెకి ఈ ఎదురుచూపు ఎప్పుడూ ఇష్టమే. ఎవరితోనూ చెప్పలేదుగాని, ఈ బయటగదిలో కూర్చున్న గంటల్లోనే తనకి తను దొరికినట్టుండేది. ఎవరూ పిలవరు. ఏమీ అడగరు. గోడకి అటువైపు, అదే గంటల్లో, అదే దొరికిందని సంబరపడుతూ ఇంకో మనిషి కూర్చున్నాడన్నమాట. ఒక్క గోడ. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే చీకటిని తాగారు.

"నీకో సంగతి చెప్పాలి," అన్నాడు భర్త.

మూత పెట్టిన డబ్బాని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఆ రోజు నేను చూశాను."

"ఏం చూశారు?"

"వాడు ఆ గదిలోంచి రావడం. సాయంత్రం. నువ్వు గడియ తీసి పైకి వెళ్ళావు, దూరదర్శిని అద్దం చూడటానికి. నేను మెట్ల మీద ఉన్నాను. వాడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని, పుస్తకం తెరిచి రాశాడు. నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను."

ఆమె అతన్ని చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్ళుగా చూస్తున్న ముఖం. దాని మీద ఒక చోట, ఆమె ఎన్నడూ కొలవని ముడత.

"తెలిసీ... మూడేళ్ళుగా..."

"ఏమని చెప్పను? మొదట్లో ఏముందిలే అనుకున్నాను. ఆ తర్వాత వాడు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చుక్క కనబడింది. అప్పుడిక..." అతను ఆగాడు. "అప్పుడిక ఆ గదిలో ఎవరూ లేరని నేనే నమ్మేశాను. నిజంగా నమ్మాను. నువ్వు నమ్మవుగాని."

"నమ్ముతాను. ఎందుకు వెనక్కి తిరిగారు? తమ్ముడేగా. పలకరించొచ్చుగా."

"ముందు రోజు పోట్లాడుకున్నాం."

"దేనికి?"

"దేనికో. వాడు మాట్లాడడు, తినడు, ఎదురుగా ఉన్నా ఉన్నట్టుండడు. నాకు విసుగొచ్చింది. అనేశాను." డబ్బా పక్కకి జరిపాడు. "'నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటేరా' అన్నాను."

ఆ కాసేపు ఇద్దరిలో ఎవరూ తెర వైపు చూడలేదు.

ఆమె లేచి అల్మరాలోంచి పాత పుస్తకం తీసింది. ఆ పేజీ ఎక్కడుందో వేళ్ళకే తెలుసు. తేదీ. గది వేడి. వెలుగు బలం. గదిలో ఉన్నవారు. ఆ గడిలో, తొణకని చిన్న అక్షరాలు: ఎవరూ లేరు. కింద చిన్నోడి సంతకం.

ఇందాకటిదాకా అది అబద్ధమనైనా అనుకోగలిగింది, పొరపాటనైనా అనుకోగలిగింది. ఇప్పుడు రెండూ కాదు. అన్న చెప్పిన లెక్క ప్రకారం తనని తాను లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయింది. సంతకం పెట్టాడు.

పుస్తకం అతని ముందు ఉంచింది. అతను చదవలేదు. చదవాల్సిన పని లేదు.

"అందుకే," అన్నాడు, "నాకు ఆ చుక్క గ్రహం కావాలి. పేరు కోసం అనుకుంటున్నారు మీరంతా. వాడు అక్కడ అలా కూర్చోలేదని ఎవరైనా చెప్పాలి నాకు. నువ్వు చెప్పాలి."

"నేను కాదు. సున్నా చెప్పాలి."

"ఒకటేగా," అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాబోయి, రాలేదు.

మూడుంపావుకి తెర చూసింది. చుక్కలు నిలకడగా ఉన్నాయి. మీట నొక్కింది. గంటసేపు వాళ్ళు ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకున్నారు, మధ్యలో గోడ ఉన్నా.

నాలుగుంపావుకి కొత్త సున్నా వచ్చింది.

పాతదాన్ని దాంట్లోంచి తీసివేయమని యంత్రానికి చెప్పి, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒక పక్కనుంచి పైకి తేలుతున్న గాలి బొమ్మ కోసం చూసింది. భర్త కళ్ళు మూసుకున్నాడు.

తెర మీద ఏమీ లేదు.

బూడిద రంగు. ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకటే బూడిద రంగు. వెంట్రుక మందంలో లక్షో వంతు తేడా కూడా లేదు. మళ్ళీ లెక్క వేసింది. మళ్ళీ అంతే.

"కళ్ళు తెరవండి," అంది. "ఒకటే."

"ఏంటి?"

"పాతదీ కొత్తదీ ఒకటే."

అతను తెర దగ్గరికి వచ్చి, వేలితో ఆ బూడిద రంగుని తాకి, వేలిని చూసుకున్నాడు. "అంటే వాడు... బల్ల దగ్గర కాదన్నమాట. ఎక్కడో మూల కూర్చుని ఉంటాడు. దూరంగా. కదూ? వాడి వేడి తగల్లేదు. గ్రహం ఉంది!" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మకి చెబుతాను. ఇక్కడ ఫోను పలకదు. పైకి వెళ్తాను. నువ్వు సంతకం పెట్టి వచ్చెయ్."

రెండేసి మెట్లు ఎక్కుతున్న చప్పుడు. పన్నెండేళ్ళ కిందటి మనిషి పరుగు అది.

ఆమె సంచిలోంచి కాగితం తీసి విప్పి పెట్టింది. కలం తీసింది. ముందు పుస్తకంలో ఇవాళ్టి పేజీ నింపాలి. ఎప్పుడూ అదే వరస. తేదీ వేసింది. గది వేడి రాసింది. వెలుగు బలం రాసింది.

గదిలో ఉన్నవారు.

కలం ఆగింది.

ఎందుకు ఆగిందో ముందు ఆమెకి తెలియలేదు. చేతికి ముందు తెలిసింది, మనసుకి తర్వాత. ఒకటే అంటే ఏమిటి? రెండు ఖాళీ గదుల సున్నాలు ఒకేలా ఉంటాయి. నిజమే. ఒకే మనిషి, ఒకే స్టూలు మీద, ఒకే భుజం ఆనించి కూర్చున్న రెండు గదుల సున్నాలూ ఒకేలా ఉంటాయి. తీసివేస్తే రెండుచోట్లా మిగిలేది ఆ బూడిద రంగే. ఆ రోజు లోపల ఏముందో, ఇవాళా లోపల అదే ఉంది. బొమ్మ చెప్పింది అంతవరకే. తక్కినది అతను చెప్పుకున్నాడు.

కొత్త కన్ను మాత్రం ఎవరి మాటా వినకుండా, ఆ చుక్క లేదనే అంటోంది.

లేచింది. గడియ తీసింది. తలుపు సగం తెరిచి ఉంచి లోపలికి అడుగుపెట్టింది. దీపం వెయ్యాలని తోచలేదు. సూదిమొనంత వెలుగు ఒక్కటి. ఆ వెలుగు కుడిపక్కగా నాలుగు అడుగులు. అడుగులు ఆమెకి కంఠతా వచ్చు.

చెయ్యి చాచింది. స్టూలు తగిలింది.

వెచ్చగా ఉంది.

కాలేంత కాదు. అప్పుడే లేచిన మనిషి పక్కబట్ట ఉన్నంత.

ఆమె చెయ్యి తీసుకోలేదు. పైనుంచి, మెట్ల మలుపుల మీదుగా, భర్త గొంతు సన్నగా దిగివస్తోంది. "అవునమ్మా, ఉంది! ఉంది! ఎవరూ లేరట!" ఆ ఇనుము మీద అరచెయ్యి అలాగే ఉంచి ఆ మాట వింది. ఎదురుగా నల్ల పరదా. దాని వెనక ఏముందో చీకట్లో తెలియడం లేదు. పరదా కూడా తెలియడం లేదు.

అడగాల్సినవి మూడేళ్ళుగా పేరుకుని ఉన్నాయి. ఎక్కడికి పోయావు, ఎందుకు పోయావు, మీ అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా. నోరు తెరిస్తే వాటిలో ఒక్కటీ రాలేదు.

"చిన్నోడా," అంది మెల్లగా, "భోంచేశావా?"

సగం తెరిచిన తలుపు లోంచి బయటగది తెర కనిపిస్తోంది. ఆమె మాటకి వెయ్యి చుక్కలూ ఊగాయి. అది తన ఊపిరే. తెలుసు. పెదవులు బిగించి, ముక్కు మూసుకుని, కదలకుండా నిలబడింది.

చుక్కలు నెమ్మదించాయి. ఒక్కొక్కటే వచ్చి తన చోట తను నిలబడింది. ఆమె లోలోపల లెక్కపెట్టింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. వెయ్యి చుక్కలూ సున్నా మీద నిలిచాయి. ఊపిరి ఇంకా ఆమె గుండెల్లోనే ఉంది.

తెర మీద చుక్కలు కదిలాయి.

ముందు చిన్నగా ఒకసారి. ఆ వెంటనే, సాగదీసి, పెద్దగా.